రాజుల పట్టిక - సాక్ష్యాల తూకం: బాసర నుంచి కోటిలింగాల వరకు వంశావళుల విమర్శ

బాసర జ్ఞానసరస్వతీ ఆలయాన్ని పరిచయం చేసే రచనల్లో రెండు వాక్యాలు తరచు పక్కపక్కనే కనిపిస్తాయి. వ్యాసమహర్షి గోదావరి ఇసుకతో ముగ్గురమ్మల మూర్తులను ప్రతిష్ఠించాడన్నది మొదటిది. క్రీ.శ. 6వ శతాబ్దంలో నాందేడు రాజధానిగా నందగిరి ప్రాంతాన్ని ఏలిన బిజియాలుడు అనే కన్నడరాజు ఆలయాన్ని నిర్మించాడన్నది రెండవది. మొదటి వాక్యం స్థలపురాణమని పాఠకుడు ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాడు. రెండవ వాక్యంలో శతాబ్దం ఉంది, రాజధాని ఉంది, రాజు పేరు ఉంది. అందువల్ల అది చరిత్రగా చెల్లుబాటవుతోంది. ఒక పుస్తకం నుంచి మరొక పుస్తకానికి, అక్కడి నుంచి పోటీపరీక్షల మార్గదర్శినులకు ప్రయాణించేటప్పుడు ఆ వాక్యం తన వెంట ఒక్క శాసనాన్నీ తీసుకురాదు.

ఈ పేరును రాజుల పట్టికలో ఎక్కడ ఉంచాలి? 6వ శతాబ్దపు దక్కనులో శాసనబలం ఉన్న వంశావళులు ఉన్నాయి. విష్ణుకుండినుల తామ్రశాసనాలు మాధవవర్మ, విక్రమేంద్రవర్మ, ఇంద్రభట్టారకవర్మ పేర్లను చెబుతాయి. బాదామి చాళుక్యులలో మొదటి పులకేశి, కీర్తివర్మ, మంగళేశుల క్రమం స్పష్టం. మాహిష్మతీ కలచురులలో కృష్ణరాజు, శంకరగణుడు, బుద్ధరాజు తెలిసినవారే. వీరిలో బిజియాలుడు లేడు. దానికి దగ్గరగా వినిపించే ప్రసిద్ధనామం కల్యాణి కలచురి బిజ్జలునిది. అతడు 12వ శతాబ్దపువాడు. ధ్వనిసామ్యాన్ని బట్టి ఇద్దరూ ఒకరేనని తేల్చడం తొందరపాటు. పేరు ఏ వంశావళిలోనూ లేదు కనుక అటువంటి మనిషే లేడనడం కూడా అంతే తొందరపాటు. సామంతులు, మండలాధిపతులు పెద్ద వంశాల ప్రశస్తులలో చోటు దొరకక కనుమరుగైన సందర్భాలు దక్కనులో కొల్లలు. ఇప్పటికి చెప్పగలిగింది ఒకటే: బిజియాలుడు స్థానిక సంప్రదాయం నిలబెట్టుకున్న పేరు. దాని పక్కన 6వ శతాబ్దం అని రాయడానికి ఆధారం చూపవలసిన బాధ్యత రాసినవారిదే.

చిన్నదిగా కనిపించే ఈ ఉదాహరణలో రాజావళీ నిర్మాణపు మూలసమస్య ఉంది. పట్టిక అనే రూపానికి ఒక మాయ ఉంటుంది. వరుససంఖ్య, పేరు, పాలనాకాలం అని మూడు గళ్లు గీయగానే వాటిలోకి చేరిన పేర్లన్నీ ఒకే స్థాయి నిశ్చయాన్ని పొందుతాయి. శాసనంలో సంవత్సరంతో సహా నిలిచిన రాజు, ఒకే ఒక్క నాణెంపై మిగిలిన రాజు, పురాణప్రతిలో పాఠభేదంగా మాత్రమే ఉన్న రాజు, ముగ్గురూ ఒకే అక్షరపరిమాణంలో అచ్చవుతారు. ఉత్తర తెలంగాణ గోదావరీతీరం ఈ మాయను పరీక్షించడానికి అనువైన నేల. ఇక్కడ పేర్లు లేని రాజుల సంఖ్య ఉంది, తేదీలు లేని వంశక్రమం ఉంది, క్రమం తెలియని నాణేలున్నాయి.

సంఖ్య ఉంది, పేర్లు లేవు

బాసరకు దక్షిణాన, గోదావరి అవతలి ఒడ్డు దాటి కొంత దూరంలో బోధన్ ఉంది. పాళీ సాహిత్యంలోని అస్సకరాజ్యానికి రాజధాని అయిన పోతలి లేదా పోతనమే ఈ బోధన్ అని పలువురు చరిత్రకారులు గుర్తించారు. షోడశ మహాజనపదాలలో దక్షిణాపథానికి చెందిన ఏకైక జనపదంగా అశ్మకానికి మన పాఠ్యప్రణాళికల్లో పెద్ద స్థానమే ఉంది. అయితే దాని రాజులెవరు? కలియుగ రాజవంశాలను చెప్పే పురాణభాగం మహాపద్మనందునికి ముందు ఏలినవారిని లెక్కిస్తూ అశ్మకులు 25 మంది అంటుంది. ఆ ఇరవై అయిదుగురిలో ఒక్కరి పేరూ చెప్పదు. పాళీ జాతకకథలలో ఒకటైన చుల్లకాలింగ జాతకంలో పోతలిరాజుగా అరుణుడు, అతని మంత్రిగా నందిసేనుడు కనిపిస్తారు. కథలోని రాజును ఇరవై అయిదుగురిలో ఒకరిగా ఏ సంఖ్య దగ్గర కూర్చోబెట్టాలో చెప్పే ఆధారం లేదు. అశ్మక రాజుల పట్టికను నిజాయితీగా తయారుచేస్తే అది ఒక సంఖ్య, ఒక కథానామం, మిగిలినదంతా ఖాళీగళ్లు. చరిత్రగ్రంథం ఖాళీగళ్లను అచ్చువేయడానికి సిగ్గుపడనక్కరలేదు.

బోధన్‌తోనే ముడిపడిన వేములవాడ చాళుక్యుల విషయం ఇందుకు పూర్తిగా భిన్నం. ఇక్కడ పేర్లకు కొదువలేదు. పంపమహాకవి విక్రమార్జునవిజయంలో తన ప్రభువైన రెండవ అరికేసరి వంశాన్ని యుద్ధమల్లునితో ప్రారంభించి వర్ణించాడు. ఆ యుద్ధమల్లుడు పోదనంలో ఏనుగులకు నూనెబావిలో స్నానం చేయించాడన్న వర్ణన ప్రసిద్ధం. అరికేసరి వేములవాడ శాసనం, శకం 888, అంటే క్రీ.శ. 966 నాటి మూడవ అరికేసరి పర్భణీ తామ్రశాసనం ఈ క్రమాన్ని బలపరుస్తాయి. సోమదేవసూరి యశస్తిలకచంపువును శకం 881లో, అంటే క్రీ.శ. 959లో, గంగాధరలో ముగించినట్లు చెప్పి, అప్పటి పాలకుడు అరికేసరి పెద్దకొడుకని పేర్కొన్నాడు. వాగరాజుగా నేడు గుర్తిస్తున్న ఆ పేరు ప్రతుల్లో పాఠభేదాలతో ఉండటం, పర్భణీ శాసనం వెలుగులో దాన్ని నిర్ధారించుకోవలసిరావడం గమనించదగినవి. కావ్యం, శాసనం ఒకదాన్నొకటి సరిదిద్దుకునే అరుదైన అవకాశం ఇది. ఎన్. వేంకటరమణయ్య 1953లో ఈ వంశంపై ప్రత్యేకగ్రంథం వెలువరించేనాటికే ప్రధాన ఆధారాలు పరిష్కృతమయ్యాయి.

ఇంత సాక్ష్యసంపద ఉన్న వంశానికి మన పుస్తకాలలో సాధారణంగా కనిపించే పట్టికను ఒకసారి చూడాలి. మొదటి యుద్ధమల్లుడు 750-775, మొదటి అరికేసరి 775-800, మొదటి నరసింహుడు 800-825, రెండవ యుద్ధమల్లుడు 825-850. నలుగురు రాజులు వరుసగా సరిగ్గా ఇరవై అయిదేళ్ల చొప్పున పాలించి, శతాబ్దం పూర్తికాగానే తప్పుకున్నారని దీని అర్థం! ఇవి పాలనాకాలాలు కావు. తరానికి ఇరవై అయిదేళ్లన్న సగటు. పరిశోధకులు కాలనిర్ణయానికి ఊతంగా వేసుకున్న గుంజలు. మొదట వేసినవారు ఇవి ఉజ్జాయింపులని ఎరుగుదురు. ఒక తరం తరువాత ‘సుమారు’ అన్న మాట రాలిపోయింది. మరొక తరానికి ఆ అంకెలు బహుళైచ్ఛిక ప్రశ్నలకు సమాధానాలయ్యాయి.

ఇదే పట్టికలో మొదటి బద్దెగుని దగ్గరకు రాగానే అంకెలు ఒక్కసారిగా 850-895 అని సాగుతాయి. కారణం ఉంది. బద్దెగుడు భీముడనే రాజును యుద్ధంలో పట్టుకున్నాడని వంశప్రశస్తి చెబుతుంది. ఆ భీముడు వేంగీ చాళుక్యభీముడన్నది చరిత్రకారుల గుర్తింపు. చాళుక్యభీముడు 892లో గద్దెనెక్కాడు. కనుక బద్దెగుణ్ణి ఆ తేదీ దాకా బతికించవలసివచ్చింది. అంటే పట్టికలో పక్కపక్కనే ఉన్న రెండు గళ్లలో ఒకటి సగటు లెక్క, రెండవది సమకాలీనత మీద నిలిచిన నిర్ణయం. చూపరికి రెండూ ఒకటే. రెండవ అరికేసరి దగ్గర నుంచి గ్రంథాలు, శాసనాలు, తేదీలు దొరుకుతాయి. అక్కడ మూడవరకం నిశ్చయం మొదలవుతుంది. ఒకే వంశపు పట్టికలో మూడు రకాల నిశ్చయం ఉన్నప్పుడు దాన్ని ఒకే రంగు సిరాతో రాయడం శాస్త్రీయం కాదు.

వేంగీ చాళుక్యుల తామ్రశాసనాలతో పోలిస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. అవి పూర్వరాజుల పేర్లతోపాటు పాలనాకాలాన్ని కూడా చెబుతాయి: కుబ్జవిష్ణువర్ధనుడు 18 సంవత్సరాలు, ఇంద్రభట్టారకుడు 7 దినాలు. ఏడు దినాల రాజును కూడా వదలని రాచకొలువు లెక్క అది. అక్కడ కూడా మొదటి జయసింహునికి కొన్ని శాసనాలు 33 ఏళ్లు, కొన్ని 30 ఏళ్లు ఇస్తాయి. అయినా ఫ్లీట్ వంటివారు ఆ శాసనాలను పక్కపక్కన పెట్టి వంశకాలక్రమాన్ని కట్టగలిగారంటే కారణం రాజులు తమ లెక్కను తామే రాయించుకోవడం. వేములవాడవారు అలా రాయించుకోలేదు. ఆ లోటును సగటుతో పూడ్చి, పూడ్చినచోటు కనబడకుండా రంగువేయడం సరికాదు.

ముప్పై మంది శాతవాహనులు

పేర్లూ అంకెలూ రెండూ పుష్కలంగా ఉండి, చిక్కు అంతకంతకూ పెరిగే సందర్భం శాతవాహనులది. ‘శాతవాహన రాజులు ఎందరు?’ అన్న ప్రశ్నకు ముప్పై అన్న సమాధానం మత్స్యపురాణం నుంచి వస్తుంది. పాలనాకాలం మొత్తం 460 సంవత్సరాలు. పార్జిటర్ 1913లో కలియుగ రాజవంశాల పురాణపాఠాన్ని పరిష్కరించి ప్రకటించినప్పుడే ఈ ముప్పై ఎంత బలహీనమైన సంఖ్యో బయటపడింది. ముప్పై మంది అని చెబుతూనే వాయుపురాణప్రతులు ఎక్కువగా 17 నుంచి 19 పేర్లే ఇస్తాయి. భాగవతం 23, విష్ణుపురాణం 24 పేర్ల దగ్గర ఆగుతాయి. మత్స్యపురాణప్రతులలో సైతం అన్నిటా ముప్పై పేర్లూ లేవు. ప్రథమరాజు పేరే ఒకచోట శిశుకుడు, ఒకచోట సింధుకుడు, ఇంకొకచోట శిప్రకుడు. శాసనాలు, నాణేలు లేకపోయి ఉంటే ఈ మూడింటిలో ఏది మూలరూపమో తేల్చడం అసాధ్యం.

అంకెలను అంకెలతోనే పరీక్షిస్తే మరొక చిక్కు. పురాణాలు మౌర్యులకు 137, శుంగులకు 112, కాణ్వులకు 45 సంవత్సరాలు ఇచ్చి, చివరి కాణ్వరాజైన సుశర్మను కూలదోసినవాడు ఆంధ్రవంశ స్థాపకుడని చెబుతాయి. చంద్రగుప్తమౌర్యుని పట్టాభిషేకాన్ని సుమారు క్రీ.పూ. 322గా తీసుకుంటే స్థాపకుని కాలం దాదాపు క్రీ.పూ. 28. అక్కడి నుంచి 460 ఏళ్లు లెక్కిస్తే శాతవాహనుల అంతం క్రీ.శ. 433 ప్రాంతానికి పోతుంది. క్రీ.శ. 3వ శతాబ్దంలో విజయపురిలో ఇక్ష్వాకులు స్వతంత్రంగా యజ్ఞాలు చేస్తూ, బౌద్ధస్తూపాలకు దానాలు ఇస్తూ కనిపిస్తుండగా ఇది ఎలా పొసగుతుంది? అందుకే ఒక వర్గం స్థాపకుణ్ణి క్రీ.పూ. 3వ శతాబ్దానికి జరిపింది. అప్పుడు కాణ్వుల మాట పక్కకుపోయింది. రాయ్‌చౌధురి వంటివారు 300 ఏళ్లన్న పాఠాన్ని ఆశ్రయించారు. అప్పుడు 460 పక్కకుపోయింది. ఒకే పురాణవచనంలో సగాన్ని సాక్ష్యంగా స్వీకరించి, మిగతా సగాన్ని లేఖకప్రమాదంగా తోసిపుచ్చడం రెండు పక్షాలూ చేసినదే. ఏ సగం ఎందుకు స్వీకరించారో పట్టిక పక్కన రాయకపోవడం వల్ల, విద్యార్థికి తుదితేదీ మాత్రమే చేరుతుంది, అది ఎవరి ఎంపికో చేరదు.

ఈ ఇబ్బంది తెలుగునేలకే ప్రత్యేకం కాదు. రాజుల వరుసను రెండువేల ఏళ్లకు పైగా తెగకుండా చెప్పుకునే ద్వీపదేశం శ్రీలంక. మహావంశం ప్రకారం విజయుడు బుద్ధపరినిర్వాణదినాననే ద్వీపంలో అడుగుపెట్టాడు. ఆ పవిత్రదినానికీ అశోకుని సమకాలీనుడైన దేవానాంపియ తిస్సునికీ మధ్యనున్న కాలాన్ని కొద్దిమంది రాజులతో నింపవలసివచ్చింది. ఫలితంగా ముప్పై ఏడేళ్ల వయసులో గద్దెనెక్కిన పండుకాభయుడు 70 ఏళ్లు, అతని కొడుకు ముటసివుడు 60 ఏళ్లు పాలించారు. ముటసివుని కొడుకైన తిస్సుడు మరో 40 ఏళ్లు! అశోకుని కాలం నుంచి కిందికి వచ్చేకొద్దీ శిలాశాసనాలు తోడై ఆ పట్టిక గట్టిపడుతుంది. చివరికి వచ్చేసరికి 1739 నుంచి 1815 వరకు కాండీని పాలించిన నలుగురు నాయక్కరు రాజులు, మధుర నాయకులతో సంబంధమున్న తెలుగు మూలాలవారు, డచ్చి, ఆంగ్లేయ దస్తావేజులలో ఏళ్లతో సహా దొరుకుతారు. విజయుడు, శ్రీవిక్రమరాజసింహుడు ఒకే పట్టికకు ఆద్యంతాలు. ఒకరు పురాగాథ, ఇంకొకరు 1815లో పదవీచ్యుతుడై వేలూరుకు తరలింపబడిన మనిషి. సింహళ చరిత్రకారులు ఈ తేడాను చాలాకాలంగా చర్చిస్తున్నారు. మన పాఠ్యపుస్తకాలు శాతవాహనుల విషయంలో ఆ చర్చను గదిలోకి రానివ్వలేదు.

శాతవాహనుల పురాణావళి చివరిభాగాన్ని శాసనాలతో సరిపోల్చితే ఆసక్తికరమైన ఫలితం వస్తుంది. పురాణాలు గౌతమీపుత్రునికి 21 ఏళ్లు ఇస్తాయి. నాసిక్ శాసనం అతని 24వ పాలనాసంవత్సరాన్ని పేర్కొంటుంది. కనుక పురాణసంఖ్య తప్పు. అతని కొడుకు పులోమావికి 28. కార్లే శాసనం 24వ సంవత్సరానిది, పొసగుతుంది. యజ్ఞశ్రీకి 29; చినగంజాం శాసనం 27వ సంవత్సరానిది, ఇదీ పొసగుతుంది. విజయునికి 6; నాగార్జునకొండలో దొరికిన అతని శాసనం సరిగ్గా 6వ సంవత్సరానిది. చివరి పులోమావికి 7. మ్యాకదోని శాసనంలోని పులుమావి అతడే అయితే 8వ సంవత్సరం కనిపిస్తోంది. ఒకటి రెండు చోట్ల తడబడినా, ఈ భాగం రచించినవారి చేతిలో నిజమైన రాచలెక్క ఏదో ఉండి ఉండాలి. ఇంత దగ్గరగా సరిపోవడం కాకతాళీయం కాదు.

ఆదిభాగంలోనూ కొంత బలముంది. నానాఘాట్ గుహలో విగ్రహాలు నశించినా, వాటి కింది పేర్లు మిగిలాయి: సిముక సాతవాహనుడు, దేవి నాయనిక, రాజు సాతకణి, కుమారులు. పురాణంలో రెండవరాజైన కృష్ణుడు ఆ వరుసలో లేడు. ఆ ఒక్క ఆధారమే మిగిలి ఉంటే కృష్ణుణ్ణి కల్పితవ్యక్తి అని కొట్టివేసేవారు. కాని నాసిక్ గుహాశాసనం సాదవాహనకులానికి చెందిన కన్హరాజును స్పష్టంగా చెబుతోంది. ఒక సాక్ష్యం మౌనంగా ఉండటం వ్యతిరేకసాక్ష్యం కాదని బోధించడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ తరగతిగదికి దొరకదు. అలాగే అపీలకుడు చాలాకాలం పురాణనామమే. ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో అతని రాగినాణెం దొరికాక చారిత్రకవ్యక్తి అయ్యాడు.

మధ్యభాగమే బలహీనం. పూర్ణోత్సంగుడు, స్కంధస్తంభి, లంబోదరుడు, మేఘస్వాతి, మంతలకుడు, పురికసేనుడు వంటి పేర్ల వెనుక నిర్వివాదమైన శాసనం లేదు. గాథాసప్తశతి కర్తగా తెలుగువారికి ప్రియుడైన హాలుడు కూడా ఈ భాగానికి చెందినవాడే. పురాణం అతనికి ఇచ్చినది 5 ఏళ్లు. సాహిత్యచరిత్రలో అతని స్థానం ఎంత ఘనమైనదైనా రాజుగా అతని తేదీ ఆ పురాణక్రమం మీద వేసిన లెక్కే. క్రీ.శ. 20-24 అని కొన్ని పుస్తకాలలో కనిపించే అంకెకు ఆవల మరొక పునాది లేదు. కాబట్టి పురాణావళిని నమ్మాలా, వద్దా అన్న ప్రశ్నే తప్పుగా వేసిన ప్రశ్న. తోక గట్టిది, తల కొంత గట్టిది, నడుము ఇంకా పరీక్షకు నిలవవలసినది.

కోటిలింగాల నాణేలు చెప్పేది, చెప్పనిది

పాత కరీంనగర్ జిల్లాలో, నేటి జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో, గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. 1979 తరువాత కొన్ని సంవత్సరాలపాటు రాష్ట్ర పురావస్తుశాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు జరిపింది. తవ్వకాలలో దొరికినవి కొన్ని, అంతకుముందూ ఆ తరువాతా మట్టిదిబ్బల ఉపరితలం మీద స్థానికులు ఏరినవి కొన్ని, రెండూ కలిసి శాతవాహన చరిత్రలో పెద్ద కలకలం రేపాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వీటిలో ‘చిముక సాతవాహన’ అన్న లిపిగల నాణేలను చదివి ప్రకటించారు. పురాణాల శిశుక, సింధుక, శిప్రక రూపాల వెనుకనున్న అసలు పేరు, నానాఘాట్ సిముకుడు, కరీంనగర్ నేలలో రాజచిహ్నంతో ప్రత్యక్షమైనట్లయింది. ఈ చిముకుడే వంశస్థాపకుడన్న పరబ్రహ్మశాస్త్రి అభిప్రాయానికి విస్తృతాంగీకారం లభించింది. లిపిని, నాణెపు తరహాను బట్టి విభేదించినవారూ ఉన్నారు. పేరు ఒకటే అయినంత మాత్రాన మనిషి ఒకడే కానక్కరలేదన్నది వారి వాదంలోని సారం. శాతకర్ణి అన్న పేరును ఎందరు ధరించారో తెలిసినవారికి ఆ హెచ్చరిక విలువ తెలుస్తుంది.

చిముకుని నాణేలకన్నా ముఖ్యమైన సమస్యను తెచ్చినవి ఇతర నాణేలు. గోభద, నారన, కంవాయసిరి, సిరివాయ, సమగోప. ఏ పురాణమూ, ఏ కావ్యమూ ఈ పేర్లను ఎరగదు. అశ్మకుల విషయంలో సంఖ్య ఉండి పేర్లు లేవు. ఇక్కడ పేర్లున్నాయి, సంఖ్య లేదు, క్రమం లేదు, వంశం లేదు. వీరు శాతవాహనులకు ముందు ఈ ప్రాంతాన్ని ఏలిన స్థానిక రాజులన్నది ఎక్కువమంది అభిప్రాయం. ఆ అభిప్రాయానికి లిపి, తయారీవిధానం ఆధారాలు. అయితే చాలా పుస్తకాలు ఒక అడుగు ముందుకువేసి, గోభదుని తరువాత నారనుడు, అతని తరువాత కంవాయసిరి అంటూ గద్దెక్రమాన్ని కూడా ఇస్తున్నాయి. ఉపరితలం మీద ఏరిన నాణెం తన కింద ఏ మట్టిపొర ఉందో చెప్పలేదు. ఒక నాణెంపై మరొక రాజు తన ముద్ర వేసినప్పుడే వారిద్దరి ముందువెనుకలు నిస్సంశయంగా తెలుస్తాయి. నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తంబిలో 1906లో దొరికిన నిధిలో నహపానుని వెండినాణేలు పదమూడువేలకు పైగా ఉంటే, వాటిలో తొమ్మిదివేలకు పైగా గౌతమీపుత్రుడు తిరిగి ముద్రించినవే. ఎవరు ఎవరిని జయించారో చెప్పడానికి ఆ నిధికి వ్యాఖ్యానం అక్కరలేదు. కోటిలింగాల స్థానిక రాజుల అంతఃక్రమానికి ఆ స్థాయి సాక్ష్యం వచ్చేదాకా వారి పేర్లను అకారాదిక్రమంలో అచ్చువేయడమే న్యాయం. అకారాదిక్రమం ఏ చారిత్రకవాదాన్నీ దొంగచాటుగా చేయదు.

నాణెం దొరికినచోటు రాజధాని అవుతుందా అన్నది రెండవ ప్రశ్న. పెద్దబంకూరులో రోమన్ నాణేలు దొరికాయి; రోమన్ చక్రవర్తి పెద్దపల్లిని ఏలాడని ఎవరూ అనరు. వెండి, బంగారు నాణేలు వర్తకంతో దూరం ప్రయాణిస్తాయి. తక్కువ విలువగల రాగి, సీసం, మిశ్రమలోహ నాణేలు సాధారణంగా తాము చెల్లిన పరిధిలోనే తిరుగుతాయి. కనుక కోటిలింగాల నాణేలు చిముకుని అధికారం ఈ ప్రాంతంలో నడిచిందని చెప్పడానికి బలమైన సాక్ష్యమే. తొలిశాతవాహనులు పశ్చిమకనుమలకే పరిమితమన్న పాతవాదానికి ఇవి చెప్పిన సమాధానం తక్కువది కాదు. అక్కడి నుంచి, కోటిలింగాల వారి మొదటి రాజధాని అన్న వాక్యానికి వెళ్లడానికి మాత్రం నాణేలు చాలవు. కోట, బురుజులు, ఇటుక కట్టడాలు, విస్తరించిన వసతి నగరాన్ని నిరూపిస్తాయి. రాజధానిని నిరూపించడానికి మరికొంత కావాలి. ప్రాంతీయ ఆత్మగౌరవం ఈ స్థలాన్ని వెలుగులోకి తెచ్చింది. అది చేసిన మేలు కాదనలేనిది. అయితే అదే ఆత్మగౌరవం పట్టికలో గళ్లను నింపడం మొదలుపెడితే, రేపు ప్రతికూలవాదులు ఒక గడిని కూల్చినప్పుడు మిగతా గట్టిగళ్లు కూడా అనుమానంలో పడతాయి.

పురాణాలకు తెలియని పేర్లు తొలికాలానికే పరిమితం కాదు. 1939లో విదర్భలోని తర్హాళలో దొరికిన నిధిని పరిశీలించిన వి.వి. మిరాశీ కుంభశాతకర్ణి, కర్ణశాతకర్ణి, శకశాతకర్ణి అన్న పేర్లు చదివారు. ఈ ముగ్గురూ పురాణావళిలో లేరు. ఆదిలాబాదుకు పక్కనే ఉన్న చంద్రపురం ప్రాంతపు నాణేలు కూడా కలుపుకుంటే, చివరిదశలో గోదావరి ఉత్తరభాగాన వంశశాఖ ఒకటి వేరుగా పాలించిందన్న ఊహకు బలం చేకూరుతుంది. మరోవైపు కన్హేరి శాసనంలోనూ ద్విభాషా వెండినాణేలపైనా ప్రత్యక్షమయ్యే వాసిష్ఠీపుత్ర శాతకర్ణి ఎక్కువ పురాణప్రతులలో కనిపించడు. మహాక్షత్రపుని కుమార్తెను పెళ్లాడిన రాజు అతడు. పురాణం మూడు చోట్ల విఫలమైంది: ఉన్న రాజును వదిలింది, శాఖలను చెప్పలేదు, చెప్పినవారందరినీ ఒకరి తరువాత ఒకరుగా నిలబెట్టింది. ముప్పై పేర్లలో కొందరు ఏకకాలంలో వేర్వేరుచోట్ల పాలించినవారైతే 460 ఏళ్ల సమస్య చాలావరకు దానంతటదే కరుగుతుంది. కాని ఆ కొందరు ఎవరో ప్రాంతీయ నాణేల పంపిణీని గ్రామాలవారీగా గుర్తించినప్పుడే తేలుతుంది. శైలేంద్ర భండారే వంటి నాణెశాస్త్రజ్ఞులు పురాణావళిని పక్కనపెట్టి, నాణేల తరహాల నుంచే క్రమాన్ని నిర్మించే ప్రయత్నం చేసినది ఇందుకే. ఆ పద్ధతికీ పరిమితి ఉంది: నాణెం వేయని రాజు దానికి కనిపించడు.

కాబట్టి శాతవాహనుల పట్టికకు ఇప్పుడు కావలసినది ముప్పై ఒకటవ పేరు కాదు, నాలుగవ గడి. ప్రతి పేరు పక్కనా అది ఏ ప్రతిలో ఏ రూపంలో ఉంది, ఏ శాసనం ఏ పాలనాసంవత్సరంతో చెబుతోంది, ఏ నాణెం ఎక్కడ దొరికింది, అది తవ్వకంలో దొరికిందా, ఉపరితలం మీదా అన్న వివరం ఉండాలి. ఆధారం లేనిచోట గడి ఖాళీగా ఉండాలి. అప్పుడు గౌతమీపుత్రుని వరుస నిండుగా ఉంటుంది. మంతలకుని వరుసలో పురాణం గడి ఒక్కటే నిండుతుంది. గోభదుని వరుసలో నాణెం గడి ఒక్కటే. చూసిన విద్యార్థి ఎవరి గురించి ఎంత తెలుసో ఒక్కచూపులో గ్రహిస్తాడు. ఇటువంటి పట్టిక ప్రశ్నపత్రానికి అనుకూలం కాదు. ‘మూడవ శాతవాహన రాజు ఎవరు?’ అని అడిగితే, ఏ ఆధారం ప్రకారం అని ఎదురుప్రశ్న వేసే విద్యార్థిని అది తయారుచేస్తుంది.

ఈ పనికి తొందర కూడా ఉంది. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు వెనుకనీరు కోటిలింగాల పరిసరాల్లోకి చేరింది. దిబ్బల మీద వానాకాలం తరువాత బయటపడే నాణేలు ఇప్పటికీ ప్రైవేటు సేకరణలలోకి, అక్కడి నుంచి అంగళ్లకు చేరుతున్నాయి. దొరికిన చోటు రాసిపెట్టకుండా చేతులు మారిన నాణెం మీద రాజు పేరు ఎంత స్పష్టంగా ఉన్నా, పట్టికలోని నాలుగవ గడిలో దానికి రాయగలిగేది ‘స్థలం తెలియదు’ అన్న రెండు మాటలే. గోభదుడు ముందా సమగోపుడు ముందా అన్న ప్రశ్నకు సమాధానం ఇంకా మట్టిపొరలలోనే ఉంటే, అది నీటి మట్టానికి ఏ ఎత్తున ఉందన్నది ముందుగా కొలవవలసిన విషయం.